లింకన్ బిషప్పు పునీత హ్యూ: తరచుగా అడిగే ప్రశ్నలు

పక్కన పెద్ద హంసతో నిలబడిన ఒక బిషప్పు బొమ్మ ఇంగ్లండు చర్చిల్లోని రంగు అద్దాల మీద చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ బొమ్మ చూసి ఈయనెవరు, ఆ హంస ఏమిటి అని మొదలుపెట్టి, చివరికి రాజుల దాకా వెళ్ళే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి ఒక్క వాక్యం చాలు. కొన్నిటికి కథంతా చెప్పాలి.

ఎవరీ హ్యూ?

12వ శతాబ్దం చివర లింకన్ నగరానికి బిషప్పుగా ఉన్న సన్యాసి. 1186 నుంచి 1200లో కన్నుమూసేదాకా 14 ఏళ్ళు ఆ పీఠంలో ఉన్నారు. రెండో హెన్రీ, మొదటి రిచర్డు, జాన్ అనే ముగ్గురు రాజుల కాలం చూశారు. ముగ్గురికీ ముఖాన్నే కాదని చెప్పారు. చనిపోయిన 20 ఏళ్ళకు పోపు ఆయనను పునీతుడిగా, అంటే సెయింటుగా, ప్రకటించాడు.

ఇంగ్లండు బిషప్పు అంటున్నారు, పుట్టింది మాత్రం ఫ్రాన్సు అంటారేమిటి?

పుట్టింది ఆల్ప్స్ కొండల అంచున, గ్రెనోబుల్ పట్టణానికి దగ్గర్లోని ఆవలోన్ కోటలో, సుమారు 1140లో. ఆ ఊరు ఇవాళ ఫ్రాన్సులో ఉంది కానీ, అప్పట్లో ఫ్రెంచి రాజు ఏలుబడిలో లేదు. జర్మను చక్రవర్తి కింది బుర్గుండి రాజ్యంలో భాగం. ఇంగ్లండులో పరాయివాడినన్న ఇబ్బంది ఆయనకు అంతగా కలిగి ఉండదు. ఫ్రాన్సు తీరం నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించాక అక్కడి రాజుదీ ప్రభువులదీ మాట ఫ్రెంచే.

తండ్రి విలియం ఆ కోటకు ప్రభువు, యుద్ధాలు చేసినవాడు. హ్యూకు ఎనిమిదేళ్ళు వచ్చేసరికి తల్లి పోయింది. తండ్రి కత్తి పక్కన పెట్టి, పిల్లవాడిని వెంటబెట్టుకుని దగ్గర్లోని విల్లార్‌బెన్వా మఠంలో చేరిపోయాడు. తండ్రీ కొడుకూ ఒకే మఠంలో పెరిగారు, ముసలివారయ్యారు అనుకోకండి. తండ్రి లేవలేని స్థితికి వచ్చేనాటికి హ్యూ ఇంకా యువకుడే. లేపి కూర్చోబెట్టడం, బట్టలు తొడగడం, ఒళ్ళు కడగడం, వండి తినిపించడం అన్నీ ఆయన చేతుల మీదుగానే జరిగాయి. తర్వాతి కాలంలో కుష్ఠురోగుల కాళ్ళు కడిగిన చేతులకు ఆ పని నేర్పింది తండ్రి మంచమేనని నా నమ్మకం.

కార్తూసియన్ సన్యాసి అంటే ఏమిటి?

1084లో పునీత బ్రూనో గ్రెనోబుల్ పైనున్న కొండల్లో కొద్దిమందితో మొదలుపెట్టిన సన్యాస సంఘం అది. వాళ్ళ మొదటి మఠం పేరు గ్రాండ్ షార్ట్రూజ్. మిగతా మఠాల్లో అందరూ కలిసి ఒకే కప్పు కింద తిని పడుకుంటారు. ఇక్కడ ఒక్కొక్కరికి ఒక్కో చిన్న ఇల్లు, వెనక కొంచెం తోట. రోజులో ఎక్కువ భాగం ఒంటరితనం, మౌనం. మాంసం జీవితాంతం ముట్టరు. ఒంటికి గరుకు వెంట్రుకల చొక్కా.

తన మఠాధిపతి వెంట చుట్టపుచూపుగా అక్కడికి వెళ్ళిన హ్యూ ఆ జీవితం మీద మనసు పారేసుకున్నారు. మఠాధిపతి కంగారుపడి, తమను విడిచి వెళ్ళనని ఆయనతో ప్రమాణం చేయించాడు. హ్యూ ప్రమాణం చేశారు, తర్వాత దాన్ని తప్పి గ్రాండ్ షార్ట్రూజ్‌లో చేరారు. అందుకు పశ్చాత్తాపం ఎన్నడూ కలగలేదని పెద్దవయసులో కూడా చెప్పేవారు. చెట్ల మీద ఉడుతలు, పిట్టలు ఆయన గదిలోకి వచ్చి చేతిలో గింజలు తినేవని, మఠాధిపతి వద్దన్నాక అవి రావడం మానేశాయని చెబుతారు. పదేళ్ళ తర్వాత మఠం ఆర్థిక వ్యవహారాలన్నీ ఆయనకు అప్పగించారు. మౌనంలో బతికిన మనిషికి లెక్కలు, పొలాలు, కూలీలు, బేరాలు తెలిసింది అక్కడే. ఇంగ్లండులో అది బాగా పనికి వచ్చింది.

మరి ఇంగ్లండుకు ఎలా వచ్చారు?

ఒక హత్య వల్ల. 1170 డిసెంబరులో కాంటర్బరీ ఆర్చిబిషప్పు థామస్ బెకెట్‌ను రాజు రెండో హెన్రీ మనుషులు గుడిలోనే నరికి చంపారు. ఆ పాపానికి ప్రాయశ్చిత్తంగా మఠాలు కట్టిస్తానని హెన్రీ మాట ఇచ్చాడు. అందులో ఒకటి సోమర్సెట్ ప్రాంతపు అడవిలో, విథమ్ అనే చోట, ఇంగ్లండులోనే మొదటి కార్తూసియన్ మఠం. మాట ఇచ్చాడు కానీ డబ్బు కదలలేదు. వరుసగా ఇద్దరు మఠాధిపతులు వచ్చినా పని సాగలేదు. అప్పుడు ఎవరో హ్యూ పేరు చెప్పారు. రాజు కబురుతో సుమారు 1180లో ఆయన విథమ్ చేరారు.

వచ్చి చూస్తే మఠానికి ఇచ్చిన భూమిలో రైతులు కాపురాలు చేస్తున్నారు. రాజు ఇచ్చేశాడు కాబట్టి వాళ్ళు లేచిపోవాల్సిందే అని అధికారుల మాట. హ్యూ ఒప్పుకోలేదు. ముందు వాళ్ళ సంగతి తేలితేనే మఠం అన్నారు. ప్రతి కుటుంబానికీ రెండు దారులు పెట్టించారు: రాజు ఊళ్ళలో మరోచోట అంతే భూమి, లేదంటే వెట్టి నుంచి విడుదలై నచ్చినచోటికి పోయే స్వేచ్ఛ. అంతటితో ఆగలేదు. మరి ఇళ్ళకు? ఆ గుడిసెల దూలాలు, వాసాలు వాళ్ళ కష్టార్జితం, వాటికీ వెల కట్టి ఇవ్వండి అన్నారు. రాజు ఇచ్చాడు. తీరా ఇచ్చాక హ్యూ ఇంకో కోరిక కోరారు: "ఇప్పుడు ఈ ఇళ్ళు మీవి కదా, నాకు దానం చేయండి." రాజు తెల్లబోయి దానం చేశాడు. ఆ దూలాలూ వాసాలూ తిరిగి ఆ రైతులకే ఇచ్చేశారు హ్యూ. అమ్ముకున్నా సరే, వేరేచోట ఇల్లు లేపుకున్నా సరే.

ఈ ఒక్క ఘట్టం కోసమే ఆయన చరిత్ర చదవవచ్చు. పునరావాసం తేలకముందే బుల్డోజరు వచ్చే ఊళ్ళను ఎరిగినవాళ్ళం మనం. 800 ఏళ్ళ కిందట ఒక సన్యాసి ఆ లెక్కను వాసంతో సహా కట్టించాడు.

బిషప్పు పదవి వద్దన్నారంటారు, నిజమేనా?

నిజం. 1186లో ఎయిన్షమ్‌లో జరిగిన సభలో, రాజు సమక్షంలో, లింకన్ గుడి పెద్దలు ఆయనను ఎన్నుకున్నారు. రాజు కనుసన్నల్లో జరిగింది ఎన్నిక కాదని హ్యూ తిప్పికొట్టారు. మీ ఊరికి వెళ్ళి, మీ సభామందిరంలో కూర్చుని, మీ ఇష్టప్రకారం ఎన్నుకోండి అన్నారు. వాళ్ళు లింకన్ వెళ్ళి మళ్ళీ ఆయననే ఎన్నుకున్నారు. అయినా గ్రాండ్ షార్ట్రూజ్ నుంచి అనుమతి వస్తేగాని కదలనన్నారు. అదీ వచ్చింది. ఆ సెప్టెంబరు 21న వెస్ట్‌మినిస్టర్‌లో అభిషేకం జరిగింది.

మఠం నుంచి వెళ్ళే దారిలో కొత్త బిషప్పు గుర్రం వెనక తన గొర్రెతోలు పడక చుట్ట కట్టుకుని వచ్చారు. పక్కన పట్టుబట్టల్లో వస్తున్న గుడి ఉద్యోగులకు తలకొట్టేసినట్టయింది. చివరికి వాళ్ళలో ఒకడు వెనక నుంచి గుట్టుగా ఆ తాడు కోసి చుట్టను తప్పించాడు. ఆయన గమనించనే లేదట. పీఠం మీద కూర్చోబెట్టినందుకు మామూలు ఇమ్మని ఒక అధికారి అడిగితే, "కిరీటానికి ఎంత ఇచ్చానో పీఠానికీ అంతే ఇస్తాను" అన్నారు. బిషప్పులు తలకు పెట్టుకునే ఆ కిరీటానికి ఆయన ఇచ్చింది ఏమీ లేదు.

లింకన్ మేత్రాసనం అంత పెద్దదా?

మేత్రాసనం అంటే ఒక బిషప్పు కిందుండే ప్రాంతం. లింకన్‌ది ఇంగ్లండులో అన్నిటికన్నా పెద్దది. ఉత్తరాన హంబర్ నది నుంచి దక్షిణాన థేమ్స్ నది దాకా, ఆక్స్‌ఫర్డ్ కూడా అందులోదే. దాన్ని 8 విభాగాలుగా చేసి ఒక్కో విభాగానికి బిషప్పు కింది అధికారిగా ఒక్కో ఆర్చిడీకన్‌ను పెట్టేవారు. ఈయన రావడానికి ముందు ఏళ్ళ తరబడి ఆ పీఠానికి సరైన బిషప్పే లేడు. కొంతకాలం రాజుగారి అక్రమ సంతానం జెఫ్రీ పేరుకు బిషప్పుగా ఉండి, అభిషేకం లేకుండానే ఆదాయం తిన్నాడు.

హ్యూ ఈ మేత్రాసనమంతా గుర్రం మీద తిరిగారు. భద్రమైన అభ్యంగనం (బాప్తిస్మం పొందినవారికి బిషప్పు తైలం పూసే సంస్కారం) కోసం దారి పొడవునా తల్లులు పిల్లలను తెచ్చేవారు. కొందరు బిషప్పులు గుర్రం దిగకుండానే ఆ పని కానిచ్చేసేవారు. గిట్టల మధ్య పిల్లలు ఏడుస్తుంటే సేవకులు వాళ్ళను గద్దించేవారు. హ్యూ ఎంత అలసటగా ఉన్నా, ఎంత వయసు మీదపడినా గుర్రం దిగి, ఒక్కొక్కరినీ దగ్గరికి తీసుకుని చేసేవారు.

ఈ వివరాలన్నీ ఎలా తెలిశాయి?

ఆడం అనే సన్యాసి వల్ల. ఎయిన్షమ్ మఠానికి చెందినవాడు. చివరి మూడేళ్ళూ హ్యూకు ఆంతరంగిక పురోహితుడిగా వెన్నంటి ఉన్నాడు. తర్వాత లాటిన్‌లో పెద్ద జీవితచరిత్ర రాశాడు. అద్భుతాల జాబితాకన్నా మనిషి మాటతీరు, కోపం, నవ్వు అతనికి ముఖ్యం. అందుకే ఇంత కాలం తర్వాత కూడా హ్యూ గొంతు వినిపిస్తుంది. అతను గురువును ప్రేమించిన శిష్యుడు, ఆ సంగతి గుర్తు పెట్టుకునే చదవాలి. వేల్స్‌కు చెందిన గెరాల్డ్ అనే పండితుడు కూడా ఆ రోజుల్లో లింకన్‌లో చదువుకుంటూ హ్యూ గురించి రాశాడు.

రాజు హెన్రీతో గొడవ ఎందుకు వచ్చింది?

అడవుల వల్ల. ఆ కాలంలో ఇంగ్లండులో విశాలమైన ప్రాంతాలను రాజు వేటకోసం అడవి చట్టం కింద పెట్టారు. అక్కడ జింకను కొడితే శిక్షలు ఘోరంగా ఉండేవి. అడవి అధికారులు పేదల మీద చేసే దౌర్జన్యానికి అంతు లేదు. బిషప్పైన కొద్దికాలానికే హ్యూ రాజుగారి ముఖ్య అటవీ అధికారిని వెలివేశారు. అదే సమయంలో ఒక ఆస్థాన ఉద్యోగికి లింకన్ గుడి ఆదాయంలో వాటా ఇవ్వమని రాజు సిఫారసు పంపితే, అవి గుడి పని చేసేవాళ్ళకోసం, కొలువు చేసేవాళ్ళకు మీరే ఇచ్చుకోండి అని తిప్పి పంపారు.

రాజుకు మండిపోయింది. వుడ్‌స్టాక్‌కు రమ్మని కబురు పెట్టాడు. హ్యూ వచ్చేసరికి హెన్రీ చెట్ల మధ్య నేల మీద కూర్చుని ఉన్నాడు, చుట్టూ ప్రభువులు. బిషప్పు వస్తే ఎవరూ లేవకూడదు, పలకరించకూడదు అని ముందే ఆజ్ఞ. హ్యూ నమస్కరించారు. జవాబు లేదు. రాజు పక్కన కూర్చున్న ప్రభువు భుజం మీద మెల్లగా చెయ్యి వేసి, అతన్ని కాస్త జరిపి, రాజు పక్కనే కూర్చున్నారు. నిశ్శబ్దం. హెన్రీ ఏదో ఒకటి చెయ్యాలని సూదీ దారం అడిగాడు. ఎడమచేతి వేలికి తగిలిన గాయానికి కట్టిన గుడ్డను కుట్టుకోవడం మొదలుపెట్టాడు. తల ఎత్తడు. సూది గుడ్డలో దిగుతోంది, పైకి వస్తోంది. ఎవరూ మాట్లాడడం లేదు.

అప్పుడు హ్యూ అన్నారు: "ఇప్పుడు చూస్తే అచ్చం మీ ఫలేజ్ చుట్టాల్లా ఉన్నారు."

హెన్రీ ముత్తాత విలియం, ఇంగ్లండును జయించినవాడు. ఆ విలియం తల్లి ఫలేజ్ ఊరి పిల్ల, పెళ్ళి కాకుండానే అతన్ని కన్నది. ఫలేజ్ తోళ్ళపనికి పేరుపడ్డ ఊరు. ఆమె తండ్రిది కూడా అదే పని అని లోకంలో వాడుక. రాజుగారూ, మీ వంశంలోనూ సూదీ దారం పట్టిన చేతులున్నాయి అని బిషప్పు గుర్తు చేశారు. వేరెవరైనా ఆ మాట అంటే తల ఉండేది కాదు. హెన్రీ పగలబడి నవ్వి వెనక్కి పడిపోయాడు. అర్థంకాక చూస్తున్న ప్రభువులకు తానే విడమరిచి చెప్పాడు. తర్వాత హ్యూ తను చేసినదానికి కారణం వివరించారు. అటవీ అధికారి పశ్చాత్తాపపడి శిక్ష స్వీకరించాక వెలి ఎత్తేశారు. అతను తర్వాత ఆయనకు మంచి మిత్రుడయ్యాడు.

దీన్ని చమత్కారంగా చెప్పి వదిలేస్తారు చాలామంది. నాకు అందులో కనబడేది వేరు. హ్యూ వెనక ఉన్నది ఒక గొర్రెతోలు పడక. రాజు పదవి లాగేసుకుంటే ఆయన సంతోషంగా కొండమీది గదికి తిరిగి వెళ్ళిపోతారు. ఆ సంగతి హెన్రీకి తెలుసు. బెదిరించడానికి రాజు చేతిలో ఏమీ మిగల్లేదు.

రిచర్డుకు యుద్ధం ఖర్చు ఇవ్వనన్నది ఈయనేనా?

ఈయనే. 1197 డిసెంబరులో ఆక్స్‌ఫర్డ్ సభ. రాజు రిచర్డు నార్మండీలో ఫ్రెంచి రాజుతో యుద్ధంలో ఉన్నాడు. అతని తరఫున ఆర్చిబిషప్పు హ్యూబర్ట్ వాల్టర్, ఏడాదిపాటు పనిచేసే 300 మంది గుర్రపు యోధులను ప్రభువులు, బిషప్పులు కలిసి సమకూర్చాలని అడిగాడు. అందరూ తలలూపుతుండగా హ్యూ లేచారు. లింకన్ గుడి రాజుకు సైనిక సేవ బాకీ ఉన్న మాట నిజమే కాని, అది ఇంగ్లండు లోపల మాత్రమే అన్నారు. పరదేశంలో యుద్ధానికి ఆ ఆచారం లేదు, లేని ఆచారాన్ని నా చేతులతో మొదలుపెట్టలేను, అవసరమైతే నా కొండకు తిరిగి పోతాను అన్నారు. సాల్స్‌బరీ బిషప్పు హెర్బర్ట్ కూడా ఆయన వెంట నిలిచాడు. సభ అక్కడితో ముగిసిపోయింది.

రిచర్డు ఇద్దరి ఆస్తులూ జప్తు చేయమన్నాడు. సాల్స్‌బరీ బిషప్పు ఆస్తి వెంటనే పోయింది. లింకన్ ఆస్తి మీద చెయ్యి వేసేవాడు మాత్రం దొరకలేదు. హ్యూ వెలివేస్తే ఇక ఆ మనిషికి మంచి జరగదని అధికారులందరికీ గట్టి భయం. నెలలు గడిచాయి. చివరికి హ్యూ తానే సముద్రం దాటి, 1198 ఆగస్టులో షాటో గయార్ కోటకు వెళ్ళారు.

రాజు గుడిలో పూజలో ఉన్నాడు. హ్యూ నేరుగా దగ్గరికి వెళ్ళి శాంతి ముద్దు అడిగారు. ఆ రోజుల్లో అది మర్యాద, సయోధ్యకు గుర్తు. రిచర్డు ఒకసారి కోపంగా చూసి మొహం తిప్పుకున్నాడు. "ముద్దు పెట్టండి, నేను చాలా దూరం నుంచి వచ్చాను" అంటూ హ్యూ రాజు ఎదమీది అంగీ పట్టుకుని గట్టిగా కుదిపారు. "మీరు దానికి తగరు" అన్నాడు రాజు. "తగుదును" అని ఇంకా గట్టిగా కుదిపారు. క్రూసేడులో, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధంలో, సింహమని పేరుపడ్డ రాజు ఫక్కున నవ్వి ముద్దు పెట్టాడు.

పూజ అయ్యాక ఆయన రాజును పక్కకు తీసుకెళ్ళి అడిగింది ఆస్తుల గురించి కాదు. మీరు నా మేత్రాసనం మనిషి, మీ ఆత్మకు దేవుడి ముందు నేను జవాబుదారీ, చెప్పండి మీ మనస్సాక్షి ఎలా ఉంది అని అడిగారు. భార్యను పట్టించుకోవడం లేదని మందలించారు. మిగతా బిషప్పులందరూ ఇలాంటివాళ్ళయితే ఏ రాజూ వాళ్ళ ముందు తలెత్తలేడని రిచర్డు తర్వాత తనవాళ్ళతో అన్నట్టు ఆడం రాశాడు.

జాన్‌తో?

జాన్ మీద ఆశ పెట్టుకుని మాట్లాడారు, ఫలితం కనబడలేదు. 1199 ఏప్రిల్లో రిచర్డును ఫోంతెవ్రో మఠంలో సమాధి చేసినప్పుడు హ్యూ అక్కడే ఉన్నారు. తర్వాత ఆ గుడి గోడమీద చెక్కిన అంతిమ తీర్పు శిల్పంలో నరకానికి పోతున్న రాజులను జాన్‌కు వేలుపెట్టి చూపించారు. జాన్ ఆయనను రెండో వైపుకు తీసుకెళ్ళి స్వర్గానికి పోతున్న రాజులను చూపించి, తాను వీళ్ళలా ఉంటానన్నాడు. కొద్ది రోజులకే ఈస్టరు పూజలో, భోజనానికి వేళవుతోంది, ప్రసంగం ఆపమని మూడుసార్లు కబురు పంపాడు.

కుష్ఠురోగుల సంగతి చెప్పండి.

కుష్ఠు అంటే ఊరి బయటకు నెట్టేసే కాలం అది. హ్యూ వాళ్ళ ఆశ్రమాలకు వెళ్ళి, కూర్చుని, కాళ్ళు కడిగి తుడిచి, ఒక్కొక్కరి ముఖాన్నీ ముద్దుపెట్టుకునేవారు. పక్కనే ఉన్న ఆడం ఆ ముఖాలను చూడలేకపోయేవాడినని ఒప్పుకున్నాడు. లింకన్ గుడి పండితుడు విలియం ఒకసారి, ఆయనకు గర్వం రాకూడదని కాబోలు, "పునీత మార్టిన్ ముద్దుతో కుష్ఠురోగి బాగయ్యాడు" అని గుర్తుచేశాడు. మీ ముద్దుతో ఎవరికీ నయం కాలేదే అని ధ్వని. హ్యూ జవాబు: "మార్టిన్ ముద్దు ఆ రోగి శరీరాన్ని బాగుచేసింది. వీళ్ళ ముద్దు నా ఆత్మను బాగుచేసింది."

శవాల విషయమూ అంతే. దారిలో ఎక్కడ ఖననం కాని శవం కనబడినా, ఎవరిదైనా సరే, గుర్రం దిగి తానే దగ్గరుండి కర్మ జరిపేవారు. పేదవాడైతే కొవ్వొత్తుల ఖర్చు కూడా ఆయనదే. ఒకసారి రాజుగారు భోజనానికి ఎదురుచూస్తున్నారని మనుషులు తొందరపెడితే, రాజును తినెయ్యమనండి, నా ప్రభువు ఆజ్ఞ నేను విడవలేను అని పని పూర్తిచేసుకునే కదిలారు.

యూదులను కాపాడారన్నది నిజమా?

1190లో, క్రూసేడు వేడిలో, ఇంగ్లండు పట్టణాల్లో యూదుల మీద దాడులు జరిగాయి. యార్క్‌లో జరిగింది మారణహోమం. లింకన్, స్టామ్‌ఫర్డ్, నార్తాంప్టన్ మూడూ హ్యూ మేత్రాసనంలోనివే. ఆయుధాలు పట్టుకున్న గుంపులకు ఆయన అడ్డం నిలబడ్డారు. నార్తాంప్టన్‌లో యూదులను దోచుకుని తిరుగుతూ హతమైన జాన్ అనేవాడిని జనం అమరవీరుడిగా కొలవడం మొదలుపెడితే, స్వయంగా వెళ్ళి ఆ సమాధి మీది దీపాలు, అలంకారాలు తీయించి పూజ ఆపించారు. ఆయన అంతిమయాత్రలో లింకన్ యూదులు ఏడుస్తూ వెంట నడిచారని ఆడం రాశాడు.

యూదులు చంపారని చెప్పే "లింకన్ హ్యూ" ఈయనేనా?

కాదు. ఇది చాలామంది పొరబడే విషయం, స్పష్టంగా చెప్పాలి. ఆ కథలోని హ్యూ ఒక చిన్న పిల్లవాడు. 1255లో, అంటే బిషప్పు పోయిన 55 ఏళ్ళకు, లింకన్‌లో శవమై కనిపించాడు. యూదులే చంపారని అబద్ధపు నింద వేసి 19 మందిని ఉరితీశారు. పిల్లవాడి సమాధిని గుడిలోనే పెట్టి కొలిచారు. బిషప్పు హ్యూ బతికి ఉంటే నార్తాంప్టన్‌లో చేసినదే ఇక్కడా చేసేవారని నేను నమ్ముతాను. ఆ కథ కట్టుకథ అని, క్రైస్తవులకు సిగ్గుచేటని చెప్పే పలకను లింకన్ గుడివాళ్ళే ఇప్పుడు అక్కడ పెట్టారు.

ఆ హంస నిజంగా ఉందా?

ఉంది. ఆయన బతికి ఉండగానే గెరాల్డ్ దాని గురించి రాశాడు. హ్యూ పీఠమెక్కిన రోజుల్లోనే, లింకన్‌కు దగ్గర్లోని స్టో గ్రామంలో, బిషప్పు బంగళా చెరువుకు ఒక పెద్ద అడవి హంస వచ్చి చేరింది. పసుపుపచ్చ ముక్కు. అక్కడి మామూలు హంసలకన్నా పెద్దది. ఎవరినీ దగ్గరికి రానిచ్చేది కాదు. హ్యూ వస్తే మాత్రం పరుగున వచ్చి, ఆయన చేతిలో రొట్టె తిని, పొడవాటి మెడను ఆయన అంగీ చేతిలోకి దూర్చేది. ఆయన నిద్రపోతుంటే కాపలా కాసి, దగ్గరికి వచ్చినవాళ్ళను పొడిచేది. 1200 ఈస్టరుకు ఆయన చివరిసారి స్టో వెళ్ళినప్పుడు అది దగ్గరికి రాలేదట, చెరువు గట్టున తల వాల్చి కూర్చుందట.

లింకన్ మహా దేవాలయం కట్టించింది ఆయనేనా?

1185 ఏప్రిల్లో భూకంపం వచ్చి పాత గుడి బీటలు వారింది. 1192లో హ్యూ పునర్నిర్మాణం మొదలుపెట్టారు. స్థపతి పేరు జెఫ్రీ ద నోయే. కూలీలతోపాటు బిషప్పు కూడా రాళ్ళూ సున్నమూ భుజాన మోశారు. గుడిలో గాయకులు కూర్చునే భాగాన్ని ఇప్పటికీ పునీత హ్యూ పేరుతోనే పిలుస్తారు. దాని పైకప్పు చూడాలి: కమాను దూలాలు ఎదురెదురుగా కలవాల్సింది పోయి, పక్కకు జరిగి ఒకదాన్నొకటి తప్పుకుంటూ పోతాయి. స్థపతి తెగువ అది. తూర్పు కొసను మాత్రం తర్వాతి తరం పడగొట్టి, హ్యూ సమాధికి వచ్చే జనం కోసమే ఇంకా పెద్దగా కట్టింది.

ఆయనలో లోపాలే లేవా?

ఉన్నాయి. మిరియంకన్నా ఘాటు కోపం తనదని ఆయనే చెప్పుకునేవారు. 1191లో గాడ్‌స్టో సన్యాసినుల మఠంలో, హెన్రీ ప్రియురాలు రోజమండ్ సమాధి పీఠం ముందు పట్టుబట్టలతో, దీపాలతో ఉండడం చూసి, దాన్ని గుడి బయటికి తీయించారు. ఆమె చనిపోయి ఏళ్ళయింది, ఆ మఠానికి ఆమె వల్ల ఎంతో మేలు జరిగింది. దారిన పోయే శవానికి గుర్రం దిగిన మనిషి ఈమె విషయంలో ఇంత కఠినంగా ఉండనక్కరలేదని నాకు అనిపిస్తుంది.

ఇంకొకటి విని చాలామంది నిర్ఘాంతపోతారు. నార్మండీలోని ఫెకాం మఠంలో క్రీస్తు శిష్యురాలు మగ్దలా మరియ చేతి ఎముకగా చెప్పే అవశేషం ఉండేది. పట్టుగుడ్డ చుట్టి కుట్టి ఉంచారు. హ్యూ ఆ కుట్లు కోయించి, వేళ్ళతో విరగకపోతే పళ్ళతో కొరికి రెండు ముక్కలు తీసుకున్నారు. మఠవాసులు కుక్కలా కొరికాడని గోల పెట్టారు. ఇందాకే పూజలో క్రీస్తు శరీరాన్నే నోట ఉంచుకున్నాను, పునీతుల ఎముకను ముట్టుకుంటే తప్పా అని ఆయన జవాబు. ఆ కాలపు భక్తిలో ఆ వాదానికి అర్థముంది. మఠవాసుల బాధకూ అర్థముంది.

చివరి రోజులు ఎలా గడిచాయి?

1200లో ఫ్రాన్సు వెళ్ళి, గ్రాండ్ షార్ట్రూజ్‌ను, పుట్టిన ఆవలోన్‌ను చివరిసారి చూసుకున్నారు. తిరుగుదారిలో జ్వరం పట్టుకుంది. లండన్‌లో ఓల్డ్ టెంపుల్ అనే తన బసలో రెండు నెలలు మంచాన పడ్డారు. స్థపతి జెఫ్రీని పిలిపించి, లింకన్‌లో రాజులు, బిషప్పులు కలుసుకోబోతున్నారు, ఆలోగా స్నాపక యోహాను పీఠం పని పూర్తి చెయ్యండి, అక్కడే నన్ను ఉంచండి అని చెప్పారు. నవంబరు 16 సాయంత్రం, ఆయన కోరినట్టే, నేల మీద శిలువ ఆకారంలో బూడిద పోసి దానిమీద పడుకోబెట్టారు. చుట్టూ రాత్రి ప్రార్థన పాడుతుండగా ప్రాణం పోయింది.

శవపేటిక లింకన్ చేరేసరికి ఇంగ్లండు రాజు జాన్, స్కాట్లండు రాజు విలియం అక్కడే ఉన్నారు, విలియం జాన్‌కు విధేయత ప్రకటించడానికి వచ్చాడు. కొండమీది గుడికి ఎక్కే బురద దారిలో పేటికకు జాన్ భుజం పట్టాడు. హ్యూను ఎంతగానో ప్రేమించిన విలియం ఒకపక్క నిలబడి ఏడ్చాడు.

సమాధి ఇప్పుడుందా?

1220 ఫిబ్రవరిలో పోపు మూడో హొనోరియస్ ఆయనను పునీతుడిగా ప్రకటించాడు, కార్తూసియన్లలో ఆ గౌరవం పొందిన మొదటివారు ఆయనే. 1280 అక్టోబరు 6న రాజు మొదటి ఎడ్వర్డు ఎదుట అవశేషాలను కొత్త మందిరంలోకి మార్చారు. శిరస్సును విడిగా బంగారు, వెండి పేటికలో ఉంచారు. 1364లో దొంగలు దాన్ని ఎత్తుకుపోయి, లోహం ఒలుచుకుని, శిరస్సును పొలంలో పారేశారు. అది దొరికింది, దొంగలను ఉరితీశారు. 1540లో ఎనిమిదో హెన్రీ మనుషులు వచ్చి ఆ మందిరాన్ని విప్పేశారు. లింకన్ గుడి నుంచి వాళ్ళు పట్టుకుపోయింది 2,621 ఔన్సుల బంగారం, 4,285 ఔన్సుల వెండి.

పండుగ ఎప్పుడు?

నవంబరు 17. ఇంగ్లండు చర్చివాళ్ళయిన ఆంగ్లికన్లకు అదే రోజు.

ఆయన పేరుతో ఇప్పుడు ఏమున్నాయి?

ఆక్స్‌ఫర్డ్‌లో 1886లో ఆడపిల్లల చదువు కోసం మొదలైన సెయింట్ హ్యూస్ కళాశాల ఉంది. దాన్ని స్థాపించిన ఎలిజబెత్ వర్డ్స్‌వర్త్ తండ్రి కూడా లింకన్ బిషప్పే. సస్సెక్స్ ప్రాంతంలోని పార్క్‌మినిస్టర్‌లో పునీత హ్యూ పేరిట కార్తూసియన్ మఠం ఉంది. అక్కడ సన్యాసులు ఇప్పటికీ అదే నియమంతో, ఒక్కొక్కరు ఒక్కో చిన్న ఇంట్లో, వెనక తోటతో, మౌనంగా బతుకుతున్నారు.